సైలెన్సరుకు సర్కారు సీలు

సైలెన్సరు బిగించడంలో వాసంశెట్టి మాణిక్యాన్ని మించినవాళ్లు రామన్నగట్టులోనే కాదు, కాలవకు అటూ ఇటూ ఉన్న ఏడు ఊళ్లలోనూ లేరు. తండ్రి దగ్గర పన్నెండో ఏట పట్టుకున్న స్పానరును ముప్పై తొమ్మిదో ఏట దాకా కింద పెట్టలేదావిడ. పని పూర్తయ్యాక జాయింటు చుట్టూ సబ్బునురగ రాసి, బండి స్టార్టు చేసి, ఒక్క బుడగ కూడా లేవలేదని చూసుకున్న తరవాతే కొంగుకు చేతులు తుడుచుకునేది. ఆవిడ బిగించిన బండిలోంచి పొగ కూడా అనుమతి అడిగి బయటికి వస్తుందని జనం చెప్పుకునేవారు.

ఒక సోమవారం పొద్దున్నే నర్సు సువార్తమ్మ మోటారుసైకిలు తోసుకుంటూ షెడ్డుకు వచ్చింది. యాభై ఏళ్ల మనిషి. లంక గ్రామాలన్నిటికీ పసిపిల్లల టీకాలు వేసే బాధ్యత ఆవిడదే. భర్త పోయాక ఆయన బండి నేర్చుకుని, చీర మీద ఆయన చొక్కా తొడుక్కుని, వెనక టీకాల పెట్టె కట్టుకుని ప్రతి బుధవారం పద్నాలుగు కిలోమీటర్లు వెళ్లి వచ్చేది.

"ఇదిగో మాణిక్యం, దీని చప్పుడు నాకంటే ముందు ఊళ్లోకెళ్లిపోతంది" అంది బండికి స్టాండు వేస్తూ. "ఫట్ ఫట్‌మని గట్టు దిగుతానో లేదో, పిల్లలందరూ అరటి తోటల్లోకి దూరిపోతన్నారు. మొన్న ముప్పై మందికి సూది వెయ్యాలా? దొరికింది ఇద్దరు. ఆ ఇద్దరికీ ఇంకా నడక రాదు."

మాణిక్యం పకపకా నవ్వి బండి పక్కన చతికిలబడింది. ఇంజను దగ్గర పైపును పట్టి ఉంచే రెండు నట్లు విప్పి చూస్తే, లోపలి రాగి రింగు అప్పడంలా నలిగిపోయి ఉంది. దాన్ని పీకేసి, గూడు శుభ్రంగా గీకి, కొత్త రింగు కూర్చోబెట్టింది. అటు నట్టు కొంచెం, ఇటు నట్టు కొంచెం, ఒకదాని మీద ఒకటి అలగకుండా బిగించుకుంటూ వచ్చింది. వెనక సైలెన్సరు కలిసే చోట క్లాంపు వేసి, సందులో వేడికి ఆగే పేస్టు పూసింది. కిక్కు కొడితే బండి పెరుగన్నం తిని పడుకున్న పిల్లిలా గురగురమంది.

"నా తల్లే!" అంది సువార్తమ్మ. "ఇంక ఎనకమాలగా ఎల్లి పట్టేసుకోవచ్చు ఒక్కొక్కణ్నీ."

సరిగ్గా అప్పుడే శబ్ద సంయమన శాఖ గుమాస్తా కామేశం చంకలో ఫైలుతో షెడ్డులోకి వచ్చాడు.

ఈ శాఖ ఊళ్లో తెరిచి ఏడాదైంది. అప్పటిదాకా అది చేసిన పనల్లా 'నిశ్శబ్దం పాటించండి' అని బోర్డులు రాయించి, వాటిని సుత్తులతో దబదబా బాది గోడలకు కొట్టించడమే. ఇంతలో పదిహేను రోజుల్లోగా మోటారుసైకిళ్ల మీద ఏదో ఒక నిబంధన తయారు చేయాలని పైనుంచి తాఖీదు వచ్చింది. ఉప శబ్దాధికారి శేషావతారం గారు జన్మలో మోటారుసైకిలు ఎక్కలేదు. ఎక్కడిదో ఒక రిపేరు పుస్తకం తెప్పించుకుని మూడు రోజులు శ్రద్ధగా చదివారు. అందులో నలభై ఒకటో పేజీలో 'సైలెన్సరును అమర్చిన పిమ్మట జాయింటును సక్రమముగా సీలు చేయవలెను' అని ఉంది. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఆయన ఎరిగిన సీలు ఒక్కటే. ఎర్ర లక్కను కొవ్వొత్తి మీద కరిగించి, బొట్టుగా పోసి, ఇత్తడి ముద్రతో అదిమేది. ఆ వాక్యం కింద రెండు గీతలు గీసి, ఇంత సులువైన పని ఇన్నాళ్లూ ఎవరికీ తట్టకపోవడమేమిటని ఆయన ఆశ్చర్యపోయారు.

కామేశం గొంతు సవరించుకుని చదివాడు. "ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయునది ఏమనగా, అమర్చబడిన ప్రతి సైలెన్సరూ అధీకృత అధికారి సమక్షమున లక్కతో సీలు చేయబడవలెను. అట్లు సీలు చేయబడిన సైలెన్సరును సీలు చెక్కుచెదరకుండ భద్రపరచవలెను. అతిక్రమించినచో తగు చర్య తీసుకొనబడును."

మాణిక్యం మూలనున్న డబ్బాలోంచి ఒక రాగి రింగు తీసి అతని అరచేతిలో పెట్టింది. "కామేశం గారూ, బండికి సీలంటే ఇదండి. లోపల ఇందాకే వేసేశాను."

కామేశం దాన్ని తిరగేసి, బోర్లేసి, వెలుతురులో పెట్టి చూశాడు.

"దీని మీద ఆఫీసు పేరేదండీ?" అన్నాడు.

ముగ్గురూ బండి తోసుకుంటూ ఆఫీసుకు వెళ్లారు. శేషావతారం గారు స్వయంగా వరండాలోకి వచ్చారు. మొదటి సీలు కనక కండువా కూడా వేసుకున్నారు. కామేశం కొవ్వొత్తి పట్టుకున్నాడు. లక్క బొట్లు బొట్లుగా పైపూ సైలెన్సరూ కలిసే జాయింటు మీద పడింది. ఆయన ముద్ర అదిమి, పదిదాకా లెక్కపెట్టి తీశారు. ఎర్రగా, గుండ్రంగా, పెళ్లికూతురి నుదుటి బొట్టులా వచ్చింది.

"ఇక తాము నిరాటంకముగా ప్రయాణించవచ్చును" అన్నారు.

సువార్తమ్మ కిక్కు కొట్టింది. ఒక నిమిషం గడిచింది. సీలు మెత్తబడింది. ఇంకో నిమిషానికి చెమర్చి, జారి, పైపు పొడుగునా పారి, తపాలా ఆఫీసు తగలబడినట్టు ఒక వాసన కొట్టి, గుప్పుమని పొగైపోయింది.

"సార్, సీలు చెడింది" అన్నాడు కామేశం.

"ఎవరు చెరిపినది?"

"వేడి సార్."

"పూర్తి పేరు వ్రాసుకొనుము."

మాణిక్యం ముందుకు వచ్చింది. "అయ్యా, ఇంజనాడితే పైపు కాలుద్దండి. దాని మీద చుక్క నీళ్లేసినా చుయ్యిమంటాయి. లక్కెలా నిలుద్దండి?"

శేషావతారం గారు చాలాసేపు ఆలోచించారు. ఆయన మొండిమనిషి కారు, తర్కానికి తలవంచే మనిషి. "ఇంజను ఆడినందున సీలు చెడినది. కావున తప్పు సీలుది కాదు, ఇంజనుది. ఇంజను ఆడించవలెనని మా ఉత్తర్వులలో ఎచ్చటనైనా ఉన్నదా?"

"లేదు సార్" అన్నాడు కామేశం.

"అటులనే అనుబంధ ఉత్తర్వు తయారుచేయుము. సీలు చేయబడిన వాహనముల ఇంజనును ఎట్టి పరిస్థితులలోను స్టార్టు చేయరాదు."

"మరి నేను లంకలోకెలా ఎల్లేదండీ?" అంది సువార్తమ్మ. "పద్నాలుగు కిలోమీటర్లు!"

"తోసుకొనుచు వెళ్లుటకు శాఖకు ఎట్టి అభ్యంతరమూ లేదు" అన్నారాయన, ఎంతో దయగా. జాయింటు చల్లారాక ఇంకో సీలు కూడా వేసి పంపించారు.

పది రోజులు తిరిగేసరికి రామన్నగట్టులో ప్రతి మోటారుసైకిలుకూ ఎర్రబొట్టు పడింది. ఊరు ఊరంతా బండ్లు తోసుకుంటూ తిరిగింది. పాలవాడు క్యాన్ల బండిని తోసుకుంటూ ఇంటింటికీ వెళ్లేసరికి పాలు సగం దారిలోనే పెరుగయ్యేవి. మెరకవీధిలో ఒక పెళ్లికొడుకు కొత్త మోటారుసైకిలు మీద పెళ్లికూతుర్ని కూర్చోబెట్టుకుని, తను దిగి తోసుకుంటూ ఊరేగాడు. పెళ్లికూతురు వెనకనుంచి "కాస్త తొందరగా నడండి, ఎండగా ఉంది" అందని, కాపరం బాగానే సాగుతుందని పెద్దలు తేల్చారు.

అన్నిటికన్నా వింత బజారులో జరిగింది. ఎవడో దొంగ ఒక బండి కాజేసి, రూలు ప్రకారం దాన్ని తోసుకుంటూ పారిపోయాడు. కానిస్టేబులు తన బండిని తోసుకుంటూ వెంటపడ్డాడు. ఇద్దరి మధ్యా ఇరవై అడుగుల దూరం, గంటన్నర పాటు పెరగలేదు, తగ్గలేదు. ఏటిగట్టు ఎక్కేచోట దొంగ బండి మొరాయిస్తే, తనకు దారి లేకపోవడంతో కానిస్టేబులే వెనకనుంచి ఓ చెయ్యి వేసి ఎక్కించాడు. అవతల వాలులో దొంగ బండెక్కి జారిపోయాడు. కానిస్టేబులు కూడా జారాడు. కింద ఇద్దరూ ఒకే రెల్లుపొదలో దొరికారు.

ఊళ్లో చప్పుడు తొంభై నాలుగు శాతం తగ్గిందని శేషావతారం గారు రిపోర్టు పంపారు. పైవాళ్లు పరవశించిపోయారు. రాబోయే నెల మొదటి గురువారం ముఖ్య శబ్దాధికారిణి అనసూయాదేవి గారు స్వయంగా వచ్చి, ఊరికి 'నిశ్శబ్ద రత్న' షీల్డు బహూకరిస్తారని జవాబు వచ్చింది.

మాణిక్యానికి మాత్రం ఇదేమీ నవ్వులాట అనిపించలేదు. మొదటి బుధవారం సువార్తమ్మ ఒక్కతే బండి తోసుకుంటూ తొమ్మిది కిలోమీటర్లు వెళ్లి, పెట్టెలో ఐసంతా కరిగిపోయి టీకాలు పాడవుతాయని భయం పట్టుకుని, అలాగే వెనక్కి తోసుకుంటూ వచ్చింది. రెండో బుధవారం ఊరివాళ్లెవరో ఒక సైకిలు ఇచ్చారుగాని, ఇసకదారిలో రెండుసార్లు పడి మోచెయ్యి చెక్కుకుపోయింది. ఆ రోజూ మందు వెనక్కే వచ్చింది. గురువారం షెడ్డుకు వచ్చి స్టూలు మీద కూలబడింది.

"చివరి లంకలో ఇద్దరికి తట్టు పోసింది మాణిక్యం" అంది. ఆవిడ గొంతులో ఏడుపు లేదు, కోపమూ లేదు. ఆ రెండూ అయిపోయిన తరవాతి అలసట ఉంది. "ఆ పక్కిళ్లలో సూది పడని పిల్లలు యాభై మందికి పైనే ఉన్నారు. వచ్చే బుధవారం ఎల్లకపోతే ఇంక ఎల్లడమెందుకు?"

మాణిక్యం ఆ బండి వైపు చూసింది. తను బిగించిన జాయింటు. లోపల రింగు చక్కగా కూర్చుని ఉంది, ఒక్క బుడగ లేవదు. దాని వెనకే ఆ ఎర్రబొట్టు. ఇరవై ఏడేళ్లలో తను చేసిన పని ఒక మనిషిని ఇంట్లో కూర్చోబెట్టడం ఇదే మొదటిసారి.

"ఆ కాగితం మీ దగ్గరుందా నర్సమ్మ గారూ?"

సువార్తమ్మ ఉత్తర్వు నకలు తీసి ఇచ్చింది. మాణిక్యం కళ్లజోడు పెట్టుకుని, ఒక్కొక్క మాట మీదా వేలు పెట్టి చదివింది. మళ్లీ చదివింది. మూడోసారి చదువుతూ ఉండగానే భుజాలు కదలడం మొదలెట్టాయి. చూస్తే ఆవిడ నవ్వుతోంది.

"దీంట్లో అంతా సైలెన్సరు గురించే ఉందండి. 'సీలు చేయబడిన సైలెన్సరును సీలు చెక్కుచెదరకుండ భద్రపరచవలెను.' అనుబంధంలోనేమో 'సీలు చేయబడిన వాహనము' అన్నారు. సీలు ఎక్కడుందండి? సైలెన్సరు జాయింటు మీద."

అంటూనే స్పానరు అందుకుంది. సీలుకు గోరు తగలకుండా ఇంజను దగ్గరి రెండు నట్లు విప్పి, పైపుతో సహా సైలెన్సరును ఊడదీసి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీదా పెట్టుకుని ఆఫీసుకు నడిచింది.

శేషావతారం గారు కుర్చీలోంచి లేచారు. "ఏమిది?"

"భద్రపరచమన్నారు కదండి. మా షెడ్డుకి తలుపు కూడా సరిగ్గా లేదు. మీ ఆఫీసుకంటే భద్రం ఎక్కడుంటాదండి? సీలు చూసుకోండి, పెచ్చు కూడా ఊడలేదు."

ఆయన భూతద్దం తెప్పించి చూశారు. ముద్రలోని ప్రతి అక్షరమూ చదవగలిగేలా ఉంది. కళ్లు చెమర్చాయి. నిబంధనను దాని ఆత్మతో సహా అర్థం చేసుకున్న పౌరురాలిని ఆయన సర్వీసులో మొదటిసారి చూస్తున్నారు. స్వహస్తాలతో రసీదు రాసిచ్చారు.

"మరి బండి సంగతేంటండి?" అంది మాణిక్యం.

"బండికి సీలు ఉన్నదా?"

"లేదండి."

"సైలెన్సరు ఉన్నదా?"

"మీ చేతిలోనే ఉందండి."

"సైలెన్సరు లేని వాహనమునకు సైలెన్సరు నిబంధన వర్తించుట హాస్యాస్పదము" అన్నారాయన. ఆ వాక్యం తనకే నచ్చి, కామేశం చేత మరో కాగితం మీద రాయించి సంతకం పెట్టారు.

బుధవారం పొద్దున ఎనిమిది గంటలకు సువార్తమ్మ కిక్కు కొట్టింది.

అలాంటి మోత రామన్నగట్టు అంతకు ముందు వినలేదు. కాలవలో కొంగలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. వంటిళ్లలో ఆవకాయ జాడీల మూతలు టపటపా కొట్టుకున్నాయి. కల్లుపాక దగ్గర నిద్రపోతున్న ముసలాయన లేచి "పెళ్లివారొచ్చారా?" అని అడిగాడు. ఇంజను పక్కనుంచి జానెడు మంట కక్కుకుంటూ బండి గట్టు దిగింది. మోకాలు కాలకుండా సువార్తమ్మ ఆ కాలికి తడి గోనెపట్టా చుట్టుకుంది.

చివరి లంకలో పిల్లలు ఆ మోత విన్నారు. ఫట్ ఫట్‌మంటే నర్సమ్మ అని, తోటల్లోకి పారిపోవాలని వాళ్లకు తెలుసు. కానీ ఇది ఫట్ ఫట్ కాదు. హెలికాప్టరో, తుఫానో, కొత్తరకం ట్రాక్టరో తేల్చుకోలేక పరుగు పరుగున గట్టు మీదికి వచ్చి వరసగా నిలబడ్డారు. సువార్తమ్మ దిగి, గోనెపట్టా విప్పి, పెట్టె తెరిచింది. ఐసు గట్టిగా ఉంది. వాళ్లు నోళ్లు మూసేలోగా యాభై ఎనిమిది సూదులు పడిపోయాయి.

సాయంత్రం తిరిగొచ్చి, మాణిక్యాన్ని గట్టిగా వాటేసుకుని చెవిలో ఏదో అరిచింది. ఇద్దరికీ వినపడలేదు. ఇద్దరికీ అర్థమైంది.

మర్నాటి నుంచి శబ్ద సంయమన శాఖ ముందు జనం బారులు తీరారు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క సైలెన్సరు. కామేశం చీటీలు కట్టి లోపల గదిలో దూలాలకు వేలాడదీశాడు. గది పొట్లకాయల పందిరిలా తయారైంది. అది నిండాక రికార్డుల గది, ఆ తరవాత అటక, ఆ తరవాత శేషావతారం గారి బల్ల కింద చోటు. ఆయన కాళ్లు బల్ల మీద పెట్టుకుని కూర్చోవలసి వచ్చిందిగాని, ఇంత ఘనంగా అమలైన ఉత్తర్వు రాష్ట్రంలో మరొకటి లేదని మురిసిపోయారు. బయట ఊరు మాత్రం ఉరిమింది. ఒకరితో ఒకరు సైగలతో మాట్లాడుకున్నారు. కూరగాయల బజారులో బేరాలు వేళ్ల మీద జరిగాయి.

అనుకున్న ప్రకారం నెల మొదటి గురువారం అనసూయాదేవి గారు వచ్చారు. ఆఫీసు ఆవరణలో షామియానా వేశారు. నిశ్శబ్దానికి సాక్ష్యంగా పౌరులందరూ తమ వాహనాలతో హాజరు కావాలని శేషావతారం గారే చాటింపు వేయించారు. మూడువందల బండ్లు ఒకేసారి గేటులోకి వచ్చాయి. షామియానా గుంజలు వణికాయి. బల్ల మీది పూలబొకే దానంతటదే నడుచుకుంటూ వెళ్లి కింద పడింది.

శేషావతారం గారు స్వాగతోపన్యాసం చదివారు. పెదవులు కదలడం అందరికీ కనిపించింది. అనసూయాదేవి గారు చెవులు మూసుకుని, ఒక కాగితం లాక్కుని 'ఈ శబ్దమేమిటి?' అని రాశారు.

ఆయన దాని కిందే రాశారు. 'సైలెన్సర్ల నుండి వచ్చునది కాదు మేడమ్. సైలెన్సర్లన్నియు లోపల మా అదుపులో ఉన్నవి. పరిశీలించగలరు.'

ఆవిడ లోపలికి వెళ్లి, వేలాడుతున్న వాటిలో నాలుగింటికి చెవి ఆనించి చూశారు. కొలిచే యంత్రం పెట్టించారు. ఏ సైలెన్సరూ కిక్కురుమనలేదు. శాఖ పుట్టాక ఇంత సంపూర్ణమైన నిశ్శబ్దం ఏ ఊళ్లోనూ నమోదు కాలేదని ధ్రువపరచి, వేదిక ఎక్కి షీల్డు ఇచ్చేశారు.

ఇచ్చాక మాత్రం ఆవిడ దిగిపోలేదు. రెండు చేతులూ ఎత్తి ఇంజన్లు ఆపించారు. ఆ సద్దుమణగడంలో కొందరికి కళ్లు తిరిగాయి.

"ఈ ఊళ్లో మోటారుసైకిలు గురించి తెలిసినవారు ఎవరైనా ఉన్నారా?" అన్నారు.

అందరూ మాణిక్యం వైపు చూశారు. ఆవిడ లోపలికి వెళ్లి సువార్తమ్మ సైలెన్సరు దింపుకొచ్చింది. కామేశం చూస్తుండగానే లక్క గీకేసింది. కొత్త రాగి రింగు వేసి, అటు కొంచెం ఇటు కొంచెం నట్లు బిగించి, కిక్కు కొట్టింది. పిల్లి గురగురమంది. అనసూయాదేవి గారు వంగి, ఇంజను ఆడుతోందో లేదో చేత్తో తాకి చూసుకున్నారు.

"ఇది ఏ ఉత్తర్వు ప్రకారము జరిగినది?"

"ఆ రింగు ప్రకారమండి. సందులోంచి గాలి పోకుండా ఆపుద్ది. రిపేరు పుస్తకాల్లో సీలనేది దీన్నేనండి."

"సీలు అను పదము దురర్థములకు తావిచ్చుచున్నది. మీ వృత్తిలో వాడుక పదమేది?"

"మా షెడ్లలో ప్యాకింగ్ అంటామండి."

"అటులనే. ఉత్తర్వులలో సీలు అని ఉన్న ప్రతిచోటా ప్యాకింగ్ అని సవరించవలెను. సైలెన్సర్లన్నియు యజమానులకు తిరిగి ఇచ్చివేయవలెను."

చప్పట్లు మోగాయి. చప్పట్లు కూడా కొంచెం ఎక్కువయ్యాయని కామేశం నోట్ చేసుకున్నాడు.

నాలుగు రోజులపాటు మాణిక్యం తిండి కూడా నిలబడే తిని, మూడువందల బండ్లకూ సైలెన్సర్లు బిగించింది. మూడువందల రాగి రింగులు. వేళ్లు వాచిపోయాయి, నడుం పట్టేసింది. అయినా ఒక్కొక్క బండి గురగురమంటూ గేటు దాటి వెళుతుంటే, ఊళ్లో మనుషుల మాటలు మళ్లీ ఒకటొకటిగా వినిపిస్తుంటే ఆవిడకు ఏదో పాత చుట్టం ఇంటికి తిరిగొచ్చినట్టుండేది.

ఐదో రోజు మధ్యాహ్నం కామేశం వచ్చాడు. వెనక రిక్షాలో గోనెగుడ్డల కట్టలు, పురికొసల ఉండలు, అట్టపెట్టెలు, రెండు దబ్బనాలు ఉన్నాయి.

"ఇదేంటండీ?" అంది మాణిక్యం.

"సవరించిన ఉత్తర్వండి." అతని ముఖం జాలిగా ఉంది. "అమర్చబడిన ప్రతి సైలెన్సరూ అధీకృత అధికారి సమక్షమున ప్యాకింగ్ చేయబడవలెను. సారు నాలుగు రోజులుగా గోనెగుడ్డ కుట్టడం నేర్చుకుంటున్నారు. కొలతలు తీసుకు రమ్మన్నారు."

మాణిక్యం నవ్వలేదు, కోప్పడలేదు. నెలన్నర రోజుల్లో ఆవిడ ఆ శాఖ గురించి సర్వీసు మాన్యువల్ చదివినంత నేర్చుకుంది. స్టూలు జరిపి అతన్ని కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చింది.

"కామేశం గారూ, ప్యాకింగ్ సైలెన్సరొక్కదానికేనా, బండి మొత్తానికా?"

కామేశం కాగితం తిరగేశాడు. "స్పష్టత లేదండి."

"స్పష్టత లేకుండా మీరెలా కుడతారండి? రేపు తేడా వస్తే ఎవరి మెడకి?"

అతను మెడ తడుముకున్నాడు. "పైకి రాసి అడగాలండి. జవాబు వచ్చేదాకా అమలు నిలిపి ఉంచాలి."

"ఎన్నాళ్లు పడుద్దండి?"

"పదకొండు నెలలు. తొందరైతే పది." అంటూనే కామేశం ముఖం మెల్లమెల్లగా విప్పారింది. అతనికీ ఒక మోటారుసైకిలు ఉంది. జేబులోంచి పెన్ను తీశాడు.

మాణిక్యం కాస్త ఆలోచించింది. "హారను కూడా ప్యాకింగులోకి వస్తుందా రాదా, అది కూడా అడగండి."

"రెండు ప్రశ్నలైతే రెండు విభాగాలకు పోతుందండి. రెండేళ్లు."

"అయితే" అంది మాణిక్యం స్టూలు ఇంకాస్త దగ్గరికి లాక్కుంటూ, "మూడోది కూడా రాయండి."